నమూనా అభ్యర్థి

ఆమని పళ్లు తోముకుంటుండగా ఆమె ఇంటర్వ్యూ పూర్తయిపోయింది.

నోటి నిండా నురుగుతో, అద్దం పక్కన ఆనించిన పలక వైపు చూసింది. ధర్మకాటా అండ్ కో అనే మహా ఆడిట్ సంస్థ వారు ఇంటర్న్‌షిప్ కోసం ఆమెను ఇరవై రెండు ప్రశ్నలు అడిగారనీ, ఆమె ఇరవై రెండింటికీ జవాబు చెప్పిందనీ, పద్నాలుగో ప్రశ్న దగ్గర ఒక జోకు కూడా వేసిందనీ, ప్యానెల్ నవ్విందనీ, మొత్తం వ్యవహారానికి రెండున్నర సెకన్లు పట్టిందనీ అందులో రాసి ఉంది. చివర్లో ఆకుపచ్చ అక్షరాలతో ‘ఎంపికయ్యారు’ అని ఉంది. ఆమని ఉమ్మేసి, పుక్కిలించి, తనను తాను అభినందించుకుంది. తను అంత బాగా మాట్లాడుతుందని ఆమెకే తెలియదు.

ఇందులో వింతేమీ లేదు. మునుపలుకు వచ్చి అప్పటికి పదకొండేళ్లయింది. చెవి వెనక అతికించుకునే మినపగింజంత పూస మనిషి మాట్లాడే ప్రతి మాటా వింటుంది. విని, ఫలానా ప్రశ్న అడిగితే ఈ మనిషి ఫలానా జవాబు చెబుతాడని ముందే చెప్పేస్తుంది. ఎదుటివాడి జవాబు మన పలక మీద కనిపిస్తున్నప్పుడు నోరు నొప్పి చేసుకుని అడగడం దేనికి? అందుకని జనం అడగడం మానేశారు. టీ కొట్టాయన పంచదార ఎంతని అడగడు. డాక్టరు ఎక్కడ నొప్పని అడగడు. పెళ్లిచూపులు నాలుగు సెకన్లలో తేలిపోతున్నాయి, అందులో మూడు సెకన్లు మేనత్తల అలకలకే పోతాయి. మొగుడూ పెళ్లాం గొడవపడాల్సిన అవసరం కూడా లేదు. గొడవ ముగిసినట్టు ఇద్దరి పలకల మీదా చీటీ వస్తుంది, ఎవరు గెలిచారో కింద రాసి ఉంటుంది, ఓడినవాళ్లు లేచి వెళ్లి బియ్యం కడుగుతారు. ఒంగోలులో ఒక జంట తొమ్మిదేళ్ల పాటు ఒక్క ముక్క మాట్లాడుకోకుండా అన్యోన్యంగా కాపురం చేసినందుకు ప్రభుత్వం వాళ్లకి వెండి గిన్నె ఇచ్చింది. ఇచ్చిన మంత్రిగారు కూడా ఏమీ మాట్లాడలేదు. ఆయన ఏమంటారో అందరి పలకల మీదా ఉంది, జనం చదువుకుని చప్పట్లు కొట్టారు.

ఆకుపచ్చ అక్షరాల కింద చీమతలకాయంత అక్షరాలు ఇంకొన్ని ఉన్నాయి. ఆడిట్ చదివే పిల్ల కాబట్టి ఆమని వాటిని కూడా చదివింది. 

‘మీరు నమూనా అభ్యర్థిగా ఎంపికైనారు. రేపు ఉదయం పది గంటలకు నిజపలుకు నిమిత్తం బెజవాడ కార్యాలయమునకు స్వయముగా రావలెను.’

ఆడిట్ వాళ్లు దేన్నీ పూర్తిగా నమ్మరు. గోడౌన్లో వెయ్యి బస్తాలున్నాయని రిజిస్టరులో ఉంటే, వెళ్లి ఓ పది బస్తాలైనా విప్పి చూస్తారు. మునుపలుకు విషయంలోనూ అదే పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి వంద మందిలో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టి, అవే ప్రశ్నలు నోటితో అడిగి, అవే జవాబులు వస్తున్నాయో లేదో చూడాలి. దాని పేరు నిజపలుకు. ఒక జవాబు తేడా వస్తే క్షమిస్తారు. రెండు తేడాలొస్తే వంద మంది ఫలితాలూ రద్దు, మిగతా తొంభై తొమ్మిది మందినీ కూడా మనుషులే కూర్చుని నోటితో అడగాలి. ఇంత ఘోరం పదకొండేళ్లలో ఒక్కసారీ జరగలేదు.

ఆ వందలో మిగతా తొంభై తొమ్మిది మందీ గుంటూరు బ్రాడీపేటలోని అదే హాస్టల్లో, అదే నిమిషంలో, అవే చీమతలకాయ అక్షరాలు చదివారు. బాత్రూం తలుపు దబదబ మోగింది.

“ఒసేయ్ ఆమనీ! రావే బయటికి! నమూనా నువ్వేనంట! మా కొంపలు నీ చేతిలో పెట్టారంట!”

ఆ గొంతు ఫర్హీన్‌ది. ఆమనికి గదిలో జోడీ, వయసులో రెండేళ్లు పెద్ద. హాస్టల్ పిల్లలు మాత్రం ఆ రోజుల్లో కూడా నోటితో వాగేవాళ్లు. సాంబారు మీద ఉన్న అభిప్రాయాలు పలక మీద పట్టవు.

“వచ్చేస్తన్నాలేవే, మొహం కడుక్కోనియ్యి,” అంది ఆమని. “కంగారెందుకు, నేను నేనేగా. నాలాగా మాట్లాడాలంటే నాకన్నా బాగా ఇంకెవరు మాట్లాడతారు.”

ఈ ధీమా మధ్యాహ్నం దాకా నిలిచింది. నమూనాగా పేరు పడిన క్షణం నుంచి ఆమె జవాబులకి సీలు పడింది, ఎవరి పలక మీదా కనిపించడం లేదు. మెస్సులో వడ్డించే సుబ్బయ్య ఆమె దగ్గరికొచ్చి పలక చూసుకున్నాడు. ఖాళీ. పెరుగు వెయ్యాలో వద్దో తెలియక గరిటె గాల్లో పట్టుకుని, సెలైన్ సీసా తగిలించిన స్టాండులాగా అలాగే నిలబడిపోయాడు. వెనక ముప్ఫై మంది ఆగిపోయారు. చివరికి ఆమనే జాలిపడి, “వెయ్యి బాబాయ్,” అంది.

భోజనాలయ్యాక తొంభై తొమ్మిది మందీ ఆమెను మధ్యలో కూర్చోబెట్టి శిక్షణ మొదలుపెట్టారు. అందరూ చెప్పింది ఒకటే మాట: నువ్వు నీలాగా ఉండు. ఎలా ఉంటే ఆమెలాగా ఉన్నట్టో మాత్రం తొంభై తొమ్మిది రకాలుగా చెప్పారు. ఆమని నవ్వితే “ఆమని అట్టా నవ్వదు” అన్నారు. ఊరుకుంటే “ఊరుకునే రకమైతే నువ్వు ఆమనివే కాదు” అన్నారు. చీరాల నుంచి వచ్చిన ఒకమ్మాయి లేచి నిలబడి ఆమనిలాగా చేసి చూపించింది. ఎంత బాగా చేసిందంటే, రేపు ఆ పిల్లనే పంపుదామని కొందరు ప్రతిపాదించారు. ఓటింగు పెడితే ఆమని కూడా చేయెత్తింది.

అసలు చిక్కంతా జోకు దగ్గర వచ్చింది. పద్నాలుగో ప్రశ్న దగ్గర తను వేసిన జోకు ఏమిటో ఆమనికే తెలియదు. రెండు గంటల చర్చ తర్వాత ములక్కాడ కథే అయ్యుంటుందని సభ తీర్మానించింది. మొదటి సంవత్సరం పిల్లలకి ఆమని ఏటా మొహంలో ఏ భావం లేకుండా చెప్పే కథ అది. హాస్టల్ సాంబారులో ఉన్నది ఒకటే ములక్కాడ ముక్క అనీ, హాస్టల్ కట్టినప్పుడు వేశారనీ, ఎవరి గిన్నెలోకి వస్తే వాళ్లు భక్తిగా చీకి, కడిగి, తిరిగి వంటింట్లో అప్పగించి సంతకం పెట్టాలనీ. కిందటేడు ఒక పిల్ల సంతకం పెట్టడానికి నిజంగానే పెన్ను పట్టుకుని వెళ్లింది.

సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తూ ఫర్హీన్ ఒక్కసారి మెత్తబడింది.

“రెండేళ్ల బట్టి నా మునుపలుకు ఫెయిలవుతానే ఉంది. ఒకసారి పదకొండో ప్రశ్న కాడ, ఇంకోసారి రెండో ప్రశ్న కాడే. ఈ ఏడు పాసయింది. నేను పడ్డ కష్టమేం లేదు, పాపం అదే పడింది. మూడోసారి కూడా పోతే ఇంక చదువు ఆపెయ్యమంటారు మా ఇంట్లో. అడగరులే, పలకలో వచ్చేస్తది.”

ఆమని చేతిలోని దుప్పటి మడత పెట్టి ఆమె భుజం మీద వేసింది. “నీ సీటు నా పూచీ. ఇరవై రెండుకి ఇరవై రెండూ అప్పజెప్పి వస్తా. నువ్వు రేపు కొత్త చెప్పులు కొనుక్కో.”

మర్నాడు తొమ్మిదిన్నరకల్లా ఆమని బెజవాడలో ఉంది. ధర్మకాటా కార్యాలయం కృష్ణ కరకట్ట పక్కన ముప్ఫై ఒక్క అంతస్తులు. పై అంతస్తులో ఉన్న ఇంటర్వ్యూ గదిలో ఇంటర్వ్యూలు ఏడాదికొకసారే కాబట్టి, మిగతా రోజుల్లో సీనియర్ భాగస్వామి అందులోనే కూర్చుంటారు, విరిగిన కుర్చీలూ అందులోనే పెడతారు. ఆ రోజు వాటిని గోడకి జరిపి మూడు కుర్చీలకి చోటు చేశారు. ఒకదాంట్లో ఉపేంద్ర అనే ముప్ఫై ఏళ్ల మేనేజరు, పక్కన సీనియర్ భాగస్వామి పద్మాక్షి. ఆవిడకి అరవై దాటాయి, తెల్ల జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఆవిడ పక్కన ఒక మనీప్లాంట్. ఆమని తన జన్మలో అంత మనీప్లాంట్ చూడలేదు. అది గోడెక్కి, కప్పు మీద పాకి, ట్యూబులైటు చుట్టూ రెండు చుట్లు చుట్టి, తలుపు దాటి వరండాలో ఎవరి గదిలోకో వెళ్లిపోయింది.

టీ తెచ్చే ఆయన వచ్చాడు. పలక చూసి ఆమని ముందు ఏమీ పెట్టలేదు, ఆమెది ఖాళీగా ఉంది. పద్మాక్షి ముందు ఒక పెద్ద గ్లాసు పెట్టి, మూడు చెంచాల పంచదార వేసి కలిపి వెళ్లాడు. ఆవిడ ఆ గ్లాసు వైపు చూడలేదు. కిటికీలోంచి నదిని చూస్తూ చెయ్యి చాచి, గ్లాసు ఎత్తి, మొక్క కుండీలో వంచేసింది. అలవాటైన చెయ్యి. చుక్క బయట పడలేదు.

“మొదలుపెడదామమ్మా,” అన్నాడు ఉపేంద్ర. గొంతు సవరించుకుని చదివాడు. “ఒకటో ప్రశ్న. మీ గురించి చెప్పండి.”

ఆమని నిటారుగా కూర్చుని నోరు తెరిచింది. ఉపేంద్ర ఆమె వైపు చూడలేదు, తన పలక వైపు చూశాడు. ప్యానెల్ పలకకి సీలు వర్తించదు. చూసి, “బాగుంది,” అని టిక్కు పెట్టాడు. “రెండో ప్రశ్న. ఆడిట్ రంగమే ఎందుకు?” పలక చూశాడు. “చాలా బాగుంది.” టిక్కు. మూడూ, నాలుగూ, ఐదూ, ఆరూ బస్సు స్టాపుల్లాగా వెళ్లిపోయాయి. ఆమని ప్రతిసారీ నోరు తెరవడం, మూయడం. ఇంతలో ఉపేంద్ర ఏడో ప్రశ్న దగ్గర ఆగి, జవాబు పైకే చదివాడు.

“వోచరు చూడకుండా టిక్కు పెట్టమని పై అధికారి చెబితే ఏం చేస్తారు? ‘పెట్టనండి. ఎవరు చెప్పినా పెట్టను. చూసే పెడతాను.’ అబ్బ, భలే చెప్పారమ్మా! ఈ కాలంలో ఇట్లాంటి పిల్లలెక్కడున్నారు.” టిక్కు.

ఆమనికి పరిస్థితి అర్థమైంది. ఇంకో రెండు నిమిషాలు నోరు మూసుకుంటే చాలు, ఇరవై రెండు టిక్కులు పడతాయి, వంద మందికీ ఇంటర్న్‌షిప్ వస్తుంది, ఫర్హీన్ కొత్త చెప్పులతో బెజవాడ వస్తుంది. కానీ నోరు మూసుకుని కూర్చుంటే, చూడకుండా పెట్టిన టిక్కుకి తనూ ఒప్పుకున్నట్టే. అప్పుడు ఆ ఏడో జవాబు అబద్ధం. తను యంత్రం చెప్పినట్టే మాట్లాడే మనిషి కావాలంటే, ఇప్పుడే, ఇక్కడే, యంత్రం చెప్పిన మాట మీద నిలబడి ఈ టిక్కుల్ని ఆపాలి. ఇంత మెలిక ఆమెకి ఫైనల్ పరీక్షలో కూడా తగల్లేదు. 

“సార్, ఆ టిక్కు దేనికండీ?”

ఉపేంద్ర ఉలిక్కిపడ్డాడు. అతన్ని ఒక మనిషి నోటితో ఏదైనా అడిగి చాలా ఏళ్లయింది. తన పలక తిప్పి ఆమెకి చూపించాడు, జవాబు అందులో ఉందిగా అన్నట్టు. తర్వాత తేరుకుని, “ఏడో జవాబు సరిపోయిందమ్మా, అందుకు,” అన్నాడు.

“నేనింకా చెప్పలేదుగా సార్.”

“ఇందులో ఉందిగా.”

“అది రిజిస్టరు సార్. బస్తాని నేను. మీరు బస్తా విప్పకుండానే చూశామని రాసేసుకుంటన్నారు.”

“ఇప్పుడు కొత్తగా ఏముందమ్మా,” ఉపేంద్ర ముఖంలో నిజమైన అమాయకత్వం ఉంది. “పదకొండేళ్లుగా ఇంతే. కిందటేడు ఫైలు ముందు పెట్టుకుంటాం, పేరు మారుస్తాం, తేదీ మారుస్తాం. వచ్చిన పిల్లలు కాసేపు కూర్చుని నదిని చూసి వెళ్తారు. ఎవరికీ ఏ బాధా లేదు.”

కిటికీ వైపున్న పద్మాక్షి తల ఇటు తిరిగింది. “ఉపేంద్రా, నేను ఏటా సంతకం పెడుతున్నది వీటి మీదేనా?”

ఉపేంద్ర అలవాటుగా పలక చూశాడు. “మీకు తెలుసనే ఉంది మేడం, ఇందులో.”

పద్మాక్షి కుర్చీ ఇటు తిప్పుకుంది. “మొదటి నుంచి అడుగు. నోటితో అడుగు. అడిగి, ఆగు.”

“ఆగాలా మేడం?”

“ఆగాలి. ఆ పిల్ల చెప్పేదాకా.”

ఆగడం ఉపేంద్రకి ప్రాణం మీదికొచ్చింది. ప్రశ్నకీ జవాబుకీ మధ్య అంత ఖాళీ ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. మొదటి ప్రశ్న అడిగి, ఆమని ఊపిరి పీల్చుకునేలోపు రెండుసార్లు రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. కానీ ఆమని దూకుడు మీద ఉంది. ఒకటి, సరిపోయింది. రెండు, సరిపోయింది. ఏడో ప్రశ్నకి “ఇందాకే చెప్పాను కదండీ,” అంది. దాన్ని తేడా కింద రాయాలా వద్దా అని ఉపేంద్ర కంగారుపడితే, పద్మాక్షి “చెప్పడం కాదు, చేసి చూపించింది. సరిపోయింది,” అంది.

పద్నాలుగో ప్రశ్న, హాస్టల్ జీవితం ఏం నేర్పింది అని. ఆమని మొహంలో ఒక్క గీత కదలకుండా ములక్కాడ కథ చెప్పింది. సంతకాల రిజిస్టరు దాకా వచ్చింది. ఉపేంద్ర పలక చూసి, “ఇక్కడ ప్యానెల్ నవ్వింది అనుంది,” అని చెప్పి, “హ హ హ,” అన్నాడు, ఒక్కో ‘హ’కీ కాస్త ఎడం ఇచ్చి. పద్మాక్షి మాత్రం పలక చూడకుండా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ దగ్గింది. “ఆ రిజిస్టరు ఆడిట్ చేశారా ఎవరైనా?” అని అడిగింది. అది జాబితాలో లేని ప్రశ్న. “చేశారండి, ఒక ముక్క తక్కువొచ్చింది,” అంది ఆమని.

పందొమ్మిదో ప్రశ్న దగ్గర నోరు జారింది. ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?

“మేడం గారి కుర్చీలోనండి,” అనేసింది ఆమని. ఆ మాట నోట్లోంచి వచ్చాకే ఆమెకి వినిపించింది. 

ఉపేంద్ర పలక వైపు, ఆమె వైపు, మళ్లీ పలక వైపు చూశాడు. “ఇందులో ‘మీ సంస్థలో ఒక బాధ్యత గల స్థానంలో’ అనుందమ్మా. మరి… తేడా.” ఎర్ర పెన్సిలు ఎక్కడుందో వెతుక్కోవడానికి అతనికి ఐదు నిమిషాలు పట్టింది. పదకొండేళ్లుగా దాని అవసరం రాలేదు.

ఒక తేడా. ఇంకొకటి పడితే అంతే. ఆమని చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఇరవై, సరిపోయింది. ఇరవై ఒకటి, సరిపోయింది.

“ఇరవై రెండు. ఆఖరిది. మీరు మమ్మల్ని ఏమైనా అడగాలనుకుంటున్నారా?”

దీని జవాబు ఆమనికి తెలుసు. ప్రపంచంలో ప్రతి అభ్యర్థీ చెప్పే జవాబే: ‘ఏమీ లేదండీ, ధన్యవాదాలు.’ ఆ నాలుగు ముక్కలు అనేసి లేస్తే పని అయిపోయింది. ఆమని ‘ఏ’ అనడానికి పెదాలు విడదీసింది కూడా. అప్పుడే టీ తెచ్చే ఆయన రెండో విడత తెచ్చాడు. పద్మాక్షి ముందు పెద్ద గ్లాసు, మూడు చెంచాలు, గలగలా కలపడం. ఆవిడ చెయ్యి చాచింది, గ్లాసు ఎత్తింది, కుండీ మీద వంచింది. ఈసారి నది వైపు చూడలేదు, ఆమని వైపే చూస్తోంది. ఉపేంద్ర అడిగిన ప్రశ్నకి ఆమె ఏమంటుందోనని నిజంగా ఎదురుచూస్తోంది. 

తక్కువొచ్చిన లెక్క కళ్ల ముందు పెట్టుకుని ఏమీ లేదండీ అని లేచే ఆడిటరు ఎక్కడైనా ఉంటాడేమో. ఆమని అలా పుట్టలేదు.

“మేడం, ఆ టీ మీరెందుకు తాగరండీ?”

ఉపేంద్ర చేతిలో ఎర్ర పెన్సిలు గాల్లో ఆగింది. పద్మాక్షి చేతిలో ఖాళీ గ్లాసు కూడా.

“మానేశానమ్మా,” అంది ఆవిడ. గొంతు జీరపోయింది, చాలాకాలం మూసి ఉన్న తలుపులాగా. “టీ మానేసి తొమ్మిదేళ్లయింది. పడట్లేదు.”

“మరి చెప్పొచ్చు కదండీ.”

“ఒకసారి చెప్పాను. ఆయన పలక చూసి, ‘లేదు మేడం, మీకిష్టమే’ అన్నాడు.”

టీ ఆయన తలుపు దగ్గరే నిలబడి పలక చూసుకున్నాడు. “ఇప్పటికీ ఇష్టమనే ఉందండి,” అన్నాడు వినయంగా.

“ఉంటది మరి,” అంది ఆమని. ఆమె బుర్ర అప్పటికే పరుగెడుతోంది. “పూస మనం మాట్లాడితే విని నేర్చుకుంటది. అడిగేవాళ్లు లేకపోతే మేడం మాట్లాడరు. మేడం మాట్లాడకపోతే అదేం వింటది? పోయినేడు తను రాసిన జవాబే చూసుకుని ఈ ఏడు మళ్లీ రాసుకుంటంది. పేరు మార్చదు, తేదీ మారుస్తది.”

ఈ పద్ధతి ఎక్కడో విన్నట్టనిపించి ఉపేంద్ర తల వంచుకున్నాడు.

“ఇంకేమేం మారాయండీ మేడం?” అంది ఆమని.

అంతే. పద్మాక్షి మాట్లాడటం మొదలుపెట్టింది. గంటా యాభై నిమిషాలు మాట్లాడింది. ముప్ఫై ఒకటో అంతస్తంటే ఇప్పుడు కళ్లు తిరుగుతున్నాయని చెప్పింది. నది అంటే ఇష్టమని అందరూ ఆవిణ్ని కిటికీ పక్కనే కూర్చోబెడతారు, ఆవిడకి ఇప్పుడు వీధి చూడాలని ఉంది. తన సంస్థ గురించి ఏళ్లుగా మూడు అనుమానాలున్నాయని చెప్పింది, అందులో ఒకటి వినేసరికి ఉపేంద్ర లేచి తలుపు వేశాడు. ఆఖర్న గొంతు తగ్గించింది.

“ఒకప్పుడు ఏదో మాట మీద మా ఆయన మీద అలిగాను. ఆయన పలకలో నేనింకా అలిగే ఉన్నానట. పాపం, ఆయన ఇంకా వేరే గదిలోనే భోంచేస్తారు. నా అలక తీరి ఆరేళ్లయింది.”

ఉపేంద్ర రుమాలు తీశాడు, ఈసారి చెమటకి కాదు. టీ ఆయన గ్లాసు తీసుకుని వెళ్లి, మంచినీళ్లు పట్టుకొచ్చాడు. “మంచినీళ్లు తాగుతారాండీ?” అని అడిగాడు. అడిగాక తనే భయపడ్డాడు.

పద్మాక్షి నీళ్లు తాగి, ఫైలు ముందుకి లాక్కుంది. “తేడాలెన్ని, ఉపేంద్రా?”

“రెండు మేడం.”

అప్పుడు గుర్తొచ్చింది ఆమనికి. “మేడం, ఆ రెండోది… మా ఫర్హీన్‌ది మూడోసారండి. నిన్నే పాసయింది. ఆ పిల్లకి మాటిచ్చి వచ్చాను.”

“చూడకుండా టిక్కు పెట్టొద్దన్నది నువ్వేగా.” ఆవిడ గొంతు మెత్తగా ఉంది, సంతకం మాత్రం గట్టిగా పెట్టింది. “వంద ఫలితాలూ రద్దు. సోమవారం నుంచి మీ వాళ్లందర్నీ పిలిచి మేమే అడుగుతాం. ఉపేంద్ర ఈలోగా ఆగడం నేర్చుకుంటాడు. నిన్ను మళ్లీ పిలవక్కర్లేదు. ఈ వందలో ఇంటర్వ్యూ నిజంగా జరిగింది నీ ఒక్కదానికే. నిన్ను తీసుకున్నాం. నా కుర్చీ ఐదేళ్లలో ఖాళీ చేస్తానని మాత్రం ఇప్పుడే చెప్పలేను.”

ధర్మకాటాలో ఇంటర్న్‌షిప్ వచ్చిన పిల్ల బెజవాడ నుంచి గుంటూరు దాకా రైలు పెట్టె తలుపు దగ్గర నిలబడి ఆముదం తాగిన మొహంతో వచ్చింది. మంగళగిరి దాటాక పలక తెరిచింది. రద్దు వార్త హాస్టల్‌కి ఆమె కన్నా ముందే చేరింది. ఒక్కొక్కరి పేరూ నొక్కి, తన మీద వాళ్ల జవాబు చూసింది. ‘పర్లేదులే.’ ‘నీ తప్పేముందే.’ ‘పర్లేదు.’ తొంభై ఎనిమిది మందీ క్షమించేశారు. తొంభై తొమ్మిదో పేరు ఫర్హీన్. ‘పర్లేదులేవే పిచ్చిమొహమా, నీ మీద నాకు కోపమేంటి.’ అచ్చం ఫర్హీన్ మాటే. గొంతు కూడా వినిపించింది.

ఆ క్షణంలో ఆమనికి పెద్ద బరువు దిగిపోయింది. బెజవాడ వైపు వెళ్లే బండి కూత వేసుకుంటూ పక్క పట్టాల మీద పోయేంతసేపు ఆ తేలిక నిలిచింది. తర్వాత, వేరే గదిలో ఒంటరిగా అన్నం కలుపుకుంటున్న ఒక పెద్దాయన గుర్తొచ్చాడు.

నాలుగింటికి హాస్టల్ చేరింది. మెట్ల మీద ఎదురైన పిల్లలు పలకలు చూసుకుని నవ్వారు. గదిలో ఫర్హీన్ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. మంచం కింద కొత్త చెప్పుల పెట్టె, ఇంకా దారం కూడా విప్పలేదు. ఆమని పలక తీసి అలమారులో పెట్టి తలుపు మూసింది. వచ్చి నేల మీద కూర్చుంది.

“ఫర్హీన్. నా మీద కోపంగా ఉందా?”

చాలాసేపు జవాబు రాలేదు. ఉపేంద్రకి ఆగడం ఎందుకంత కష్టమైందో ఆమనికి అప్పుడు తెలిసింది.

“ఉంది,” అంది ఫర్హీన్ గోడతో.

“ఎంత?”

ఫర్హీన్ దిగ్గున లేచి కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “ఎంతా? ఎంతని అడుగుతన్నావా? నీ పూచీ అన్నావు. ఇరవై రెండుకి ఇరవై రెండు అన్నావు. పొయ్యి ఆవిడెవరో టీ తాగలేదని… నీకొచ్చింది, నాకు పోయింది. మళ్లీ సోమవారం నేను పోయి ఆళ్ల ముందు కూర్చోవాల. నాకు నోటితో చెప్పడం వచ్చో రాదో కూడా నాకు తెలవదే! నువ్వు… నువ్వు ఒట్టి…”

అక్కడ ఆగిపోయింది. నిజమైన కోపంతో ఎవరినైనా మొహం మీద తిట్టి పదకొండేళ్లయింది. తిట్టు పెదాల దాకా వచ్చి దారి తప్పింది. 

“దొంగమొహందానివి?” అంది ఆమని, సాయంగా.

“నువ్వందించొద్దు!” ఫర్హీన్ అరిచింది. దిండు తీసి ఆమె నెత్తిన ఒక్కటి వేసింది. “ఒక్కటి కూడా అందించొద్దు! నువ్వేం నా పూసవి కాదు. నేనే చెప్తా.”

ఆమని దిండు ఒళ్లో పెట్టుకుని, నోరు మూసుకుని, సర్దుకుని కూర్చుంది. తలుపు దగ్గర అప్పటికే పదిమంది చేరారు. వాళ్ల వెనక వరండాలో ఇంకా వస్తూనే ఉన్నారు, పలకలు చేతుల్లో ఉన్నాయి గానీ ఎవరూ వాటి వైపు చూడటం లేదు.

ఫర్హీన్ కళ్లు తుడుచుకుని బాగా ఆలోచించుకుంది. తర్వాత మొదలుపెట్టింది.